పైపు పొగాకు ఎన్నేళ్లు మగ్గాలి? ఎనిమిదేళ్లు దాచి చూశాక

2016లో మా బావగారు ఇంగ్లండు నుంచి వస్తూ శామ్యూల్ గావిత్ ఫుల్ వర్జీనియా ఫ్లేక్ డబ్బాలు నాలుగు తెచ్చారు. వర్జీనియా రకం ఆకును అదిమి పలచటి ముక్కలుగా కోసిన పైపు పొగాకు ఇది. ఒకటి ఆ వారమే విప్పాను. మిగతా మూడింటి సరుకు మూడు గాజు సీసాల్లో అణిచి నింపి, మూత బిగించి, తేదీ రాశాను. మా విజయనగరం ఎండకు అటక పనికిరాదు. అందుకే కింది గదిలో బియ్యం డబ్బాల వెనక, చీకట్లో పెట్టాను.

కొత్తగా ఉన్నప్పుడు ఎండుగడ్డి వాసన, నాలుక మీద చురుకు. 2018లో తీసిన సీసాలో చురుకు తగ్గింది, అంతే. 2021లో రెండో సీసా మూత తీయగానే ఎండు ఖర్జూరం, పాత బెల్లం కలిసిన వాసన గుప్పుమంది. ఆకు బాగా నల్లబడింది. నిదానంగా పీలిస్తే తీపి పైపు అడుగుదాకా నిలిచింది. 2024లో తీసినది ఇంకాస్త మెత్తన, కానీ మరో మూడేళ్లు ఆగినందుకు తగ్గ తేడా నాకు కనబడలేదు. వర్జీనియాకు ఐదేళ్లు చాలు.

ఆ ఆకులో చక్కెర ఎక్కువ కాబట్టే అంత మారుతుంది. చక్కెర దాదాపు లేని బర్లీ రకం పొగాకును నాలుగేళ్లు దాచినా పెద్దగా మారలేదు. లటాకియా పొగబెట్టిన ఆకు. ఏళ్లు గడిస్తే ఆ పొగ వాసనే సన్నగిల్లుతుంది, నేనైతే రెండేళ్లలోపే కాల్చేస్తాను. వెనిల్లా, చెర్రీ సువాసన కలిపినవి దాచడం దండగ.

మన వైపు అసలు టెన్షన్ తేమతోనే. వేరే రకం రేకు డబ్బా ఒకటి విప్పకుండా ఉంచితే, మూడో వానాకాలానికి అంచు తుప్పు పట్టి లోపల బూజు వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది, మొత్తం పారేశాను. బూజు దులిపి కాల్చకండి. సీసా మరిగించి, ఎండలో పొడిగా ఆరాకే నింపండి. ఆవకాయ జాడీకి ఎంత జాగ్రత్తో దీనికీ అంతే. వాసన కోసం మాటిమాటికీ మూత తీయొద్దు.

మగ్గితే ఘాటు తగ్గుతుంది, హాని తగ్గదు. శ్రీకాకుళం పక్క పల్లెలో మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిలి క్యాన్సర్‌తోనే పోయింది. అందుకే నాకు ఆదివారం ఒక్క పైపే.

ఈ ఫ్లేక్ తడిగా ఉంటుంది. విడదీసి, కాగితం మీద గంటసేపు ఆరనిచ్చి వెలిగించండి. వానాకాలంలో గంటకు ఆరదు, నేను పొద్దున్నే విడదీసి సాయంత్రం కాలుస్తాను.