నాలుగేళ్ళుగా ఎక్కి దిగుతున్న బరువు మిషన్

భోగికి ముందు రోజు పొద్దున 69.8. ముక్కనుమ పొద్దున 72.0. మిషన్ పాడైందేమోనని దిగి మళ్ళీ ఎక్కాను. అదే 72.0. ఇది 2022 సంక్రాంతి మాట, మిషన్ కొని అప్పటికి అయిదు నెలలు. "అంకెలు నిలకడగా లేవు" అని రాసి ఒక్క స్టార్ పడేద్దామని ఫోన్ కూడా తీశాను. ఎందుకో ముందు లెక్క వేసుకోవాలనిపించింది. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. 2.2 కిలోల కొవ్వు ఒంటికి పట్టాలంటే రోజూ తినేది కాక ఇంకో 17,000 క్యాలరీలు లోపలికి పోవాలి. గారెకు 100 వేసుకున్నా 170 గారెలు! కనుమ నాడు కోడికూరతో ఎన్ని లాగించానో లెక్కపెట్టలేదు గానీ 170 మాత్రం కాదు. ఆ తర్వాత ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే అయిదో రోజుకు 70.1కి దిగింది. అప్పుడు రాయని సమీక్ష ఇది.

మిషన్ మామూలుదే. 2021 ఆగస్టులో పన్నెండు వందలకు కాస్త అటూ ఇటూగా పడింది. అద్దం పలక, నాలుగు స్టీలు పట్టీలు, 180 కిలోల దాకా తూగుతుంది, 100 గ్రాముల తేడా చూపిస్తుంది. కింద నాలుగు కాళ్ళలోనూ చిన్న లోహపు రేకులుంటాయి. మనం ఎక్కినప్పుడు అవి కంటికి కనపడనంత వంగుతాయి, ఆ వంపునే బరువుగా లెక్కకడుతుంది. అందుకే నాలుగు కాళ్ళూ నేలకు సమంగా ఆనాలి. పెట్టె మీద బాత్‌రూమ్ స్కేల్ అని ఉంది కదా అని మొదటి నెల బాత్‌రూమ్‌లోనే పెట్టాను. మన బాత్‌రూముల్లో నీళ్ళు పోవడానికి నేల వాలుగా వేస్తారన్న సంగతి దాన్ని తయారుచేసినవాళ్ళకు ఎవరు చెప్పాలి? అక్కడ 71.9, పడకగదిలో బీరువా పక్కన 71.2. ఇప్పుడు బీరువా పక్కనే, ఒకే టైలు మీద, చాపా డోర్‌మ్యాటూ ఏదీ లేకుండా ఉంటుంది. ఊడ్చేటప్పుడు పక్కకు జరిపితే మళ్ళీ పెట్టి, కాలితో ఒకసారి నొక్కి, సున్నా వచ్చి ఆరిపోయాక ఎక్కాలి. జరిపిన వెంటనే ఎక్కితే మొదటి అంకె నమ్మకూడదు.

దీని అసలు మోసం కనిపెట్టడానికి రెండేళ్ళు పట్టింది. వెంటవెంటనే మూడుసార్లు ఎక్కినా ఒకే అంకె వస్తుంటే ఎంత కచ్చితమో అని మురిసిపోయేదాన్ని. ఒకరోజు ఎక్కి దిగి, పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాను. పావు కిలో నీళ్ళు కడుపులో ఉన్నా అదే అంకె! ఇంకో గ్లాసు తాగాకే పెరిగింది. ముందటి అంకెను గుర్తుపెట్టుకుని, కొత్త బరువు దానికి దగ్గరగా ఉంటే పాతదే చూపిస్తోందన్నమాట. చాలా డిజిటల్ మిషన్లకు ఈ గుణం ఉంది. విరుగుడు తేలికే: ముందు రెండు లీటర్ల నీళ్ళ బాటిల్ పట్టుకుని ఒకసారి ఎక్కి దిగాలి, తర్వాత ఉత్త చేతులతో ఎక్కాలి.

కచ్చితం సంగతి తేల్చుకోవడానికి నాకు బియ్యం బస్తా ఉంది. కొత్త బస్తా వచ్చిన రోజు దాన్ని ఎత్తుకుని ఒకసారి, ఒక్కదాన్నే ఒకసారి. కొన్న కొత్తలో 25 కిలోల బస్తాతో చూసేదాన్ని. 2022లో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశాక మా కొట్లో 26 కిలోల బస్తాలే దొరుకుతున్నాయి. బస్తా మీద రాసిన బరువుకూ మిషన్ లెక్కకూ తేడా ఎప్పుడూ 200 గ్రాములు దాటలేదు. అంటే 2.2 కిలోల తప్పు మిషన్‌ది కాదు, నా ఒంట్లోనే ఏదో ఉంది.

అదేంటో పట్టించింది గోడమీద క్యాలెండర్. పాల లెక్కా గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసే గడిలోనే పొద్దుటి బరువూ రాయడం మొదలుపెట్టాను. ఆ గడిలో ఏకాదశి, పౌర్ణమి, పండుగ అచ్చయ్యే ఉంటాయి, పెళ్ళిళ్ళు నేనే రాసుకుంటాను. ఏడాది తిరిగేసరికి కథ మొత్తం అక్కడే కనపడింది. పెళ్ళి భోజనం మర్నాడు పైకి. కొత్త ఆవకాయ జాడీ తెరిచిన వారం పైకి. హాస్పిటల్లో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన ఒంట్లో నీళ్ళ ఉప్పదనమూ దాదాపు అంతే. పచ్చళ్ళూ అప్పడాలూ కలిపి 9 గ్రాములు అదనంగా తింటే, కిడ్నీలు దాన్ని బయటికి పంపేదాకా లీటరు నీళ్ళు, అంటే కిలో బరువు, ఒంట్లో నిలిచిపోగలవు. అన్నం సంగతీ ఇలాంటిదే. తిన్న పిండిపదార్థంలో కొంత కండల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీళ్ళను వెంటబెట్టుకుని. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న మర్నాడు కిలో తగ్గి, రెండు పూటలు అన్నం తినగానే తిరిగి వచ్చేది ఇదే. "వారంలో మూడు కిలోలు తగ్గిస్తాం" అనే డైట్ల మొదటి వారం మహిమలో ఎక్కువ పాలు కూడా ఇదేనని నా అనుమానం.

ఆడవాళ్ళకు ఇంకో అల ఉంది. నెలసరికి మూడు నాలుగు రోజుల ముందు నాకు కిలో దాకా పెరిగి, వచ్చిన రెండో మూడో రోజుకు దిగిపోతుంది. ఆ గడుల్లో చుక్క పెట్టుకుంటాను. ఈ చుక్కలు పెట్టడం మొదలెట్టకముందు ఆ వారమల్లా అన్నం మానేసి ఊరికే ఏడ్చిన సందర్భాలున్నాయి. గోదావరి గట్టు మీద నడక మొదలెట్టిన వారంలో 800 గ్రాములు పెరగడం మరీ అన్యాయమనిపించింది. కొత్తగా పని చెప్పిన కండరాలు నొప్పి తీరేదాకా నీరు పట్టి ఉంటాయట. అత్తయ్య అయితే, "నడిస్తే ఆకలేస్తుంది, తింటావు, పెరుగుతావు. దానికి లెక్కలెందుకమ్మా" అని తేల్చేశారు.

ఇప్పుడు ఏ రోజు అంకెనూ పట్టించుకోను. ఆదివారం ఏడు గడులూ కూడి ఏడుతో భాగించి ఎర్ర పెన్నుతో రాస్తాను. కొన్న కొత్తలో బీరువా పక్కన 71.2, పోయిన వారం సగటు 66.8. మధ్యలో రోజువారీ అంకెలు కిలోన్నర అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి.

అలా అని ఊగితే ఊగనీ అని అందరూ ఊరుకోవడానికి లేదు. మామయ్యగారికి గుండె పంపింగ్ తక్కువ. రోజూ పొద్దున బరువు చూడమని, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే పాదాలు వాచకపోయినా ఫోన్ చేయమని డాక్టర్ గారు చెప్పారు. పోయిన వేసవిలో ఆవకాయ కలిపిన వారం ఆయన గడుల్లో వరసగా 58.3, 59.1, 60.4. "మిషన్ తప్పు చూపిస్తోందమ్మా, నేను బానే ఉన్నాను" అన్నారు. ఆ రాత్రి ఆయాసమొచ్చి రెండు తలగడలు పెట్టుకుని పడుకున్నారని అత్తయ్య చెప్పగానే ఫోన్ చేశాం. నీరు పోయే మాత్ర మోతాదు మార్చారు, నాలుగు రోజులకు 58.6. అప్పటినుంచి జాడీ అత్తయ్య గదిలో ఉంటోంది.

కొవ్వు శాతం చూపే ఏర్పాటు మాత్రం దండగ. పాదాల గుండా సన్నని కరెంటు పంపి, ఒంట్లో నీటి శాతాన్ని బట్టి కొవ్వును ఊహిస్తుంది. ఒకేరోజు పొద్దున 36, సాయంత్రం 33 చూపించాక చూడటం మానేశాను. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళూ గర్భిణులూ దాన్ని వాడొద్దని కాగితంలోనే ఉంది. సన్న పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే ఏడాది పైనే వస్తున్నాయి. మళ్ళీ కొనాల్సి వస్తే కొవ్వు చూపనిది, పాత అంకె గుర్తుపెట్టుకోనిది వెతుకుతాను. నాలుగు స్టార్లు ఇస్తాను, అయిదోది ఆ గుర్తుపెట్టుకునే బుద్ధికి కోత.

గత నెల ఒక కాలి రబ్బరు ఊడింది. చూసుకోకుండా ఎక్కితే 65.6! ఆ రోజంతా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. సాయంత్రం ఊడుస్తుంటే రబ్బరు బీరువా కింద దొరికింది. జిగురుతో అంటించి, బస్తా వచ్చేదాకా ఆగి తూచాను: 26.1.