ఆస్టిన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్: ఇంటి ముందు ఏం నాటాలో తేల్చుకోవడానికి

గులాబీ మళ్లు, ఫౌంటెన్లు ఉంటాయనుకుని లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్‌కి వెళ్లకండి. 284 ఎకరాల ఈ తోటలో పెంచేది టెక్సాస్‌లో సహజంగా పెరిగే మొక్కల్నే. అమెరికా అధ్యక్షుడిగా చేసిన లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్, నటి హెలెన్ హేస్ కలిసి 1982లో మొదలుపెట్టిన సంస్థ. 2006 నుంచి టెక్సాస్ యూనివర్సిటీలో భాగం. ఆస్టిన్ శివార్లలోని రౌండ్ రాక్, సీడర్ పార్క్ వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు నర్సరీకి వెళ్లేముందు ఇక్కడికి రావాలి.

మార్చి చివర్లో నీలి పూల అడవి మొక్క బ్లూబానెట్ పూస్తుంది. ఒక్క కంకి దగ్గర వంగి చూడండి. పై పూలకు రెక్క మీద తెల్ల మచ్చ ఉంటుంది, కింది ముదురు పూలకు అదే మచ్చ ఎర్రబారి ఉంటుంది. తేనెటీగలు తెల్ల మచ్చ పూలనే వెతుక్కుంటాయి. దయచేసి ఫొటోల కోసం పిల్లల్ని వాటి మధ్య కూర్చోబెట్టకండి. నలిగిన మొక్క గింజ కట్టదు.

బ్లూబానెట్‌ని ఇంట్లో పెంచాలంటే సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్యలోపు నేల గీరి, చదరపు అడుగుకు 8–10 గింజలు చల్లి, పావు అంగుళం లోతు మించకుండా తొక్కాలి. రోజంతా ఎండ కావాలి. గింజ పెంకు గట్టిది. గరుకు కాగితంతో రుద్దకపోతే చాలావరకు ఆ ఏడు మొలవవు. చలికాలమంతా ఆకుల గుత్తి నేలకు అంటుకునే ఉంటుంది, కలుపనుకుని పీకేయొద్దు. మన పెసర, మినుముల్లాగే వేరు బుడిపెల్లో నైట్రోజన్ పట్టుకునే జాతి ఇది. కాబట్టి ఎరువు వేస్తే ఆకే పెరుగుతుంది, పూలు తగ్గుతాయి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. పూలు రాలగానే మోవర్ తిప్పితే వచ్చే ఏడాదికి గింజలుండవు. మే నెలలో కాయలు ఎండి పగిలేదాకా ఆగాలి.

లాన్‌కి నీళ్ల బిల్లు కట్టలేకపోతున్నవాళ్లు ఇక్కడ రూపొందించిన హాబిటర్ఫ్ గురించి తెలుసుకోవాలి. బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా, కర్లీ మెస్కీట్ కలిపిన గడ్డి అది. నీళ్లు, కోత రెండూ తక్కువే గానీ ఓక్ చెట్ల నీడలో పలచబడిపోతుంది. ఆ నీడలో టర్క్స్ క్యాప్ పెట్టండి. మందారం కుటుంబమే, పువ్వు మాత్రం విచ్చుకోదు, హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. ఊదా పూల టెక్సాస్ మౌంటెన్ లారెల్ కూడా మంచి మొక్కే, కానీ దాని ఎర్ర గింజలు విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆలోచించి నాటాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని జూన్–ఆగస్టుల్లో తీసుకొస్తే తెరవగానే వచ్చి ఎండ ముదిరేలోపు ముగించండి. మైదానాల్లో నీడ తక్కువ. పూల కాలంలో శని, ఆదివారాలు పార్కింగ్ కష్టం. వసంతంలో అయితే ప్రవేశ ద్వారం దగ్గర గూడు కట్టే గుడ్లగూబను చూపించడం మర్చిపోవద్దు.

తోట కంటే ఎక్కువ ఉపయోగపడేది వాళ్ల ఉచిత మొక్కల డేటాబేస్. రాష్ట్రం, ఎండ, నేల తేమ ఎంచుకుంటే జాబితా వస్తుంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకుని వచ్చి, పెరిగిన మొక్క ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో ఇక్కడ చూసుకుని, అప్పుడు కొనండి.