యూరప్‌లో చవక బస: రూమ్ రేటు ఒక్కటే చూసి బుక్ చేయకండి

పారిస్, ఇంటర్‌లాకెన్, వెనిస్, రోమ్. హైదరాబాద్, విజయవాడల నుంచి మొదటిసారి యూరప్ వెళ్లే కుటుంబాలు చాలావరకు పట్టే దారి ఇదే. నలుగురికి పది పన్నెండు రాత్రులంటే విమానం టికెట్ల తర్వాత పెద్ద ఖర్చు బసదే. యాప్‌లో అన్నిటికంటే తక్కువ రేటు చూసి బుక్ చేస్తే అది చవక అయినట్టు కాదు. సిటీ ట్యాక్స్, రోజూ ఊళ్లోకి వెళ్లొచ్చే చార్జీలు, తిండి కూడా కలిపితేనే అసలు లెక్క తేలుతుంది.

పారిస్‌లో 2025 జనవరి నుంచి మెట్రోకీ, శివార్లకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లకూ ఒకటే టికెట్ ధర పెట్టారు. ఆ ఏడాది అది 2.50 యూరోలు, విమానాశ్రయం టికెట్ మాత్రం వేరు. కాబట్టి ఊరి బయట ఉన్నా చార్జీ పెరగదు, పోయేది సమయమే. స్టేషన్‌కి ఎంత దూరం, అక్కడ ఏ లైన్ ఆగుతుంది అన్నవి చూసుకుంటే చాలు. మా ఓటు పారిస్ తూర్పు అంచున ఉన్న వాన్సెన్‌కి. అక్కడ ఆర్‌ఈఆర్ ఎ ఎక్కితే డిస్నీలాండ్, మెట్రో 1 ఎక్కితే లూవ్ర్ మ్యూజియం. పడమటి వైపు లా డెఫాన్స్‌లోనూ ఈ రెండు లైన్లూ ఉన్నాయి. అది ఆఫీసుల పేట, అందుకే శని, ఆదివారాల్లో హోటల్ రేట్లు దిగుతుంటాయి. వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం వరకే చెల్లుతుంది, గురువారం దిగేవాళ్లకు దండగ.

స్విట్జర్లాండ్‌లో లెక్క మారుతుంది. అక్కడ రూమ్ కంటే భోజనమే భయపెడుతుంది. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ పక్కనే ఉన్న యూత్ హాస్టల్ లాంటి చోట ఫ్యామిలీ రూమ్ తీసుకుంటే ఉదయం టిఫిన్ అందులోనే వస్తుంది. బస చేసేవాళ్లకు ఇచ్చే గెస్ట్ కార్డుతో చుట్టుపక్కల బస్సులు ఉచితం. బాసెల్, జెనీవాల్లోనూ హోటల్ అతిథులకు ఇలాంటి కార్డు ఇస్తారు. చెకిన్‌లో వాళ్లు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ఇంకా ఆదా, కానీ సామాను సరిచూసుకుని వెళ్లాలి. అక్కడి పొయ్యి ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్ దానిమీద వేడెక్కదు, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీల్ గిన్నె కావాలి. మన మూడు పుల్లల ప్లగ్ అక్కడి సాకెట్లలో దూరదు. జర్మనీ, ఫ్రాన్సుల కోసం కొన్న లావుపాటి రెండు పుల్లల అడాప్టర్ కూడా స్విస్ సాకెట్‌లో పట్టదు, సన్న పుల్లలదైతే రెండు చోట్లా పనిచేస్తుంది. ఎండుమిర్చి వేసి తాలింపు పెడితే ఆ పొగకే అలారం మోగొచ్చు. పులిహోర పేస్టు, కందిపొడి ఇంటి దగ్గరే చేసుకుని వెళ్తే ఆ బెడద ఉండదు. నెయ్యి, చికెన్ పచ్చడి మాత్రం పెట్టుకోకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం నిషేధం. స్విట్జర్లాండ్‌లో సూపర్ మార్కెట్లు సాయంత్రం పెందలాడే మూసేస్తారు, ఆదివారం చాలావరకు తెరవరు. పెద్ద స్టేషన్లలోని షాపులే దిక్కు.

వెనిస్‌లో దీవి మీద రూమ్ ఖరీదు, పైగా సూట్‌కేసులు మెట్ల వంతెనల మీదుగా మోయాలి. దీవికి ఎదురుగా ఒడ్డున ఉన్న మెస్త్రేలో స్టేషన్‌కి నడిచే దూరంలో బస చేస్తే రైల్లో దీవికి పది పన్నెండు నిమిషాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2024 నుంచి వసంతం, వేసవిలోని కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. 2025లో ముందుగా కడితే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో అయితే 10. మెస్త్రే వెనిస్ మున్సిపాలిటీలోదే కాబట్టి అక్కడ బస చేసేవాళ్లు కట్టక్కర్లేదు, మినహాయింపు క్యూఆర్ కోడ్ మాత్రం తీసుకోవాలి. ఇంకాస్త చవక అని మొలియానో దాకా వెళ్తే అది వేరే మున్సిపాలిటీ, ఆ రోజుల్లో రుసుము తప్పదు. ఆదా చేసింది అక్కడే పోతుంది.

రోమ్‌లో సిటీ ట్యాక్స్ మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా కట్టించుకుంటారు. త్రీస్టార్ హోటల్లో అది 6 యూరోలు, అంటే ఇద్దరు పెద్దవాళ్లకు నాలుగు రాత్రులకు 48. పదేళ్ల లోపు పిల్లలకు లేదు. నగదే అడిగేవాళ్లు ఎక్కువ, చేతిలో ఉంచుకోండి.

నలుగురు వెళ్తూ ఇద్దరికని బుక్ చేసి, అక్కడ పరుపు వేయించుకుందాంలే అనుకుంటే కుదరదు. రూమ్‌కి ఇంతమందే అన్న పరిమితి ఉంటుంది. ఇటలీలో బస చేసే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు వివరాలూ పోలీసులకు పంపడం హోటల్ బాధ్యత. పిల్లల వయసుతో సహా అందరినీ బుకింగ్‌లో చేర్చండి. వీసాకి కూడా అందరి పేర్లూ కనిపించే కాగితమే మంచిది.

వీసాతో ఇంకో ముడి ఉంది. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే షెంగెన్ వీసా (ఈ దేశాలన్నిటికీ చెల్లే ఒకే వీసా) దరఖాస్తు పెట్టాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పారిస్ ఖరీదని అక్కడ రెండు రాత్రులు తగ్గించి ఇటలీలో కలిపితే దరఖాస్తు ఫ్రాన్స్ నుంచి ఇటలీకి మారిపోవచ్చు. అందుకే హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోకముందే ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో ఖాయం చేసుకుని, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న రూములే పట్టండి. రద్దు గడువు ఆ ఊరి టైమ్ ప్రకారం ఉంటుంది, మన టైమ్ ప్రకారం కాదు.