149 రూపాయల టేపు, 11 వేల రూపాయల అద్దాలు: కొలత టేపు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

ఇంటి పని నడుస్తున్నవాళ్లు, టేపు ఆన్‌లైన్‌లో తెప్పిద్దామనుకుంటున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. నా డబ్బు ఎలాగూ పోయింది.

రెండు నెలల కిందట ఒక యాప్‌లో 5 మీటర్ల టేపు 149 రూపాయలకు తీసుకున్నాను. పసుపు డబ్బా, నల్ల రబ్బరు పట్టు, అచ్చం పేరున్న కంపెనీ టేపులాగే ఉంది. పేరులో మాత్రం ఒక అక్షరం తేడా. అది ఇంటికొచ్చాక కనిపించింది. టేపే కదా, గీతలు గీతలే, ఏముందిలే అనుకున్నాను.

మా పూజ గది తలుపులకు టేకు ఫ్రేము మా వడ్రంగి మేస్త్రీ చేశాడు. ఆయన లెక్కంతా అంగుళాలు, నూళ్లు. అంగుళానికి 8 నూళ్లు. తన పాత టేపు తప్ప ఇంకోటి ముట్టుకోడు. అద్దాల షాపువాళ్లేమో సైజు మిల్లీమీటర్లలో కావాలన్నారు. ఆ రోజు మేస్త్రీ రాలేదు, నేనే కొలిచాను. గాడి నుంచి గాడికి ఎత్తు 2100 వచ్చింది. సులువుగా దిగడానికి 3 తీసేసి 2097 అని రాసిచ్చాను. శంఖు చక్రాలు ఎచింగ్ చేయించిన టఫెన్డ్ అద్దాలు రెండు, మొత్తం 11,400.

గృహప్రవేశానికి మూడు రోజుల ముందు అద్దాలు వచ్చాయి. దిగలేదు. పైన గోరు మందం అడ్డం. టఫెన్డ్ గ్లాసును ముందే సైజుకు కోసి, తర్వాత కొలిమిలో వేడి చేసి గాలితో ఒక్కసారిగా చల్లబరుస్తారు. అలా గట్టిపడ్డాక దాన్ని కొయ్యలేం, అంచు అరగదియ్యలేం. కోయబోతే మొత్తం ముక్కముక్కలవుతుంది. మరి ఫ్రేమునే కాస్త చెక్కించవచ్చుగా అంటారేమో. పాలిష్ అయిపోయి గోడలో బిగించేసిన టేకు అది. గాడి ఇంకా తవ్వితే పట్టె పలచబడుతుందని మేస్త్రీ ఉలి పట్టనన్నాడు.

కోపంతో నేరుగా అద్దాల షాపుకెళ్లి గొడవపడ్డాను. ఆయన ఏమీ అనకుండా తన టేపు తెచ్చి అద్దం కొలిచి చూపించాడు. సరిగ్గా 2097. ఇంటికొచ్చి మేస్త్రీని అడిగితే, "ఎనభై రెండున్నర అంగుళాలు పెట్టాను సార్, కావాలంటే కొలుచుకోండి" అన్నాడు. 82.5ని 25.4తో హెచ్చవేస్తే 2095న్నర మిల్లీమీటర్లు. నా టేపు చెప్పింది 2100. విచిత్రం ఏమిటంటే నా టేపు పై అంచున కూడా 82న్నరే ఉంది! ఒకే రేకు మీద అంగుళాలు ఒక మాట, సెంటీమీటర్లు ఇంకో మాట. కొలిచిన రోజు పై అంచు వైపు చూసే పని నాకు పడలేదు. మర్నాడు ఆ షాపాయనకు సారీ చెప్పుకోవడానికి వెళ్లడం డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధనిపించింది.

అందుకే కొనేటప్పుడు ఈ పరీక్ష చెయ్యండి. నిమిషం కూడా పట్టదు, వేరే టేపు అక్కర్లేదు. 50 అంగుళాల గీత ఎదురుగా సరిగ్గా 127 సెంటీమీటర్ల గీత ఉండాలి. 100 అంగుళాల ఎదురుగా 254. వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకూడదు. నా టేపులో 100 ఎదురుగా 254న్నర ఉంది. మొదటి అడుగులో తేడా కంటికి ఆనదు, పొడవు పెరిగేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి అడుగు లాగి చూసి సరే అనుకోకండి. రెండు అంచులూ ఒకేలా తప్పుగా ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి, షాపులో మంచి కంపెనీ టేపు ఒకటి తీయించి కొక్కేనికి కొక్కెం ఆనించి, మూడు మీటర్లు పక్కపక్కన లాగి చూడండి.

కొక్కెం కొంచెం ఆడుతోందని మాత్రం టేపు వెనక్కి ఇవ్వకండి. అది లోపం కాదు. చెక్క అంచుకు తగిలించి లాగినప్పుడు బయటికి, గోడకు ఆనించి నొక్కినప్పుడు లోపలికి, కొక్కెం మందమంత జరగాలి. అప్పుడే రెండు రకాల కొలతా ఒకటవుతుంది. కొంతమంది సుత్తితో రివెట్లు కొట్టి బిగించేస్తారు, దాంతో మంచి టేపు కూడా పాడవుతుంది. మందానికి మించి లొడలొడలాడితే మాత్రం వద్దు.

టేపు మొదట్లో I, II, III అని రోమన్ అంకె ఉంటుంది, అది ఖచ్చితత్వం తరగతి. IIవ తరగతి టేపు 3 మీటర్ల దగ్గర 0.9 మిల్లీమీటర్లకు మించి తప్పకూడదు. నాది 2 మీటర్లకే నాలుగు దాటింది, అయినా దాని మీద కూడా II అని దర్జాగా అచ్చేసి ఉంది! అంకె చూసి నమ్మకండి. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రసు, ఎంఆర్‌పీ ఉండాలని చట్టం. నా ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ స్టిక్కరు తప్ప ఏమీ లేదు.

అమ్మినవాడు రిటర్న్ గడువు 7 రోజులే, దాటిపోయిందన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక 149 రూపాయలు వెనక్కి వచ్చాయి. అద్దాల డబ్బు ఎవరిస్తారు? గృహప్రవేశం రోజు పూజ గదికి కర్టెన్ వేలాడదీశాం. చుట్టాలందరికీ ఈ కథ విడివిడిగా చెప్పుకున్నాను.

తర్వాత సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ బజారుకు వెళ్లి వేరే టేపు తెచ్చుకున్నాను. 100 అంగుళాలు లాగి చూస్తుంటే షాపు కుర్రాడు వింతగా చూశాడు, చూడనీ అనుకున్నా. రెండోసారి అద్దాల కొలత మేస్త్రీ, నేను, షాపాయన ముగ్గురం కలిసి ఒకే టేపుతో తీశాం. పాత టేపు చెత్తలో వేయబోతే మేస్త్రీ తన టేపు పక్కన పెట్టి చూసుకుని, "అంగుళాల వైపు బాగానే ఉంది కదా సార్" అని పట్టుకుపోయాడు.