ఫ్రిస్కో రైడర్స్ ఫీల్డ్: ఒక సీజనంతా కుర్రాళ్లని గమనించిన పీఈటీ మాట

మా అమ్మాయి వాళ్లు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటారు. 2024 ఏప్రిల్ మొదటి వారంలో వెళ్లి సెప్టెంబరు చివర్లో తెనాలి తిరిగొచ్చాను. ఆ ఆర్నెల్లలో రైడర్స్ ఫీల్డ్‌లో 19 బేస్‌బాల్ మ్యాచ్‌లు చూశాను. పిల్లల దగ్గరికి వెళ్లి, పగలంతా నాలుగు గోడల మధ్య గడిపి, అల్లుడు ఆఫీసు పని ముగించుకునేదాకా ఎదురుచూసే అమ్మానాన్నలకి ఈ గ్రౌండు సంగతి తెలియాలని రాస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పీఈటీగా చేశాను. పిల్లవాడి ఆట ముందుకెళ్తోందా, అక్కడే ఆగిపోయిందా అని చూడటమే నా ఉద్యోగం. అందుకని ఇందులో తిండి గురించి తక్కువ, కుర్రాళ్ల గురించి ఎక్కువ ఉంటుంది.

టెక్సస్ రేంజర్స్ అనే పెద్ద జట్టు ఆర్లింగ్టన్‌లో ఆడుతుంది. ఆ జట్టులోకి వెళ్లాలనుకునే కుర్రాళ్లు చిన్న లీగుల్లో సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని నాలుగు మెట్లు ఎక్కాలి. రైడర్స్ ఫీల్డ్‌లో ఆడే ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ డబుల్ ఏ జట్టు. అసలు వడపోత ఈ మెట్టు మీదే. కింద ఒట్టి వేగం మీద ఆధారపడే పిచర్లని (బంతి విసిరేవాళ్లని) బాదుకుంటూ వచ్చిన బ్యాటర్‌కి, ఇక్కడ కావాలనే జోన్ (బ్యాటర్‌కి అందేలా బంతి రావాల్సిన హద్దు) బయటికి వంగే బంతి వేసి ఊరించేవాళ్లు ఎదురవుతారు. ఊరుకోగలిగినవాడు పైకెళ్తాడు.

ఈ గ్రౌండులో నాకు బాగా నచ్చింది బుల్‌పెన్లు. పిచర్లు వేడెక్కే చోటుని బుల్‌పెన్ అంటారు. చాలా గ్రౌండ్లలో అది దూరంగా గోడ వెనక ఉంటుంది. ఇక్కడ మాత్రం ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే కట్టారు. మా మనవడు నన్ను మొదటిసారి ఆ కమ్మీ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, పిచర్ ఊపిరి వదిలే చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆట మొదలవడానికి అరగంట ముందే అక్కడ నిలబడేవాణ్ణి. నేను చూసేది పిచర్ విసిరిన బంతిని పట్టే క్యాచర్ గ్లవ్. గ్లవ్ పెట్టిన చోటికే బంతి వస్తే అది కదలదు, 'ఠప్' మని ఒకే చప్పుడు. గురి తప్పితే గ్లవ్ బంతిని వెతుక్కుంటూ పక్కకి జరుగుతుంది. ఇరవై బంతుల్లో గ్లవ్ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఏప్రిల్లో పదకొండు సార్లు కదిలించిన ఒక కుర్రాడు జులైలో ఐదుకి వచ్చాడు. ఈ లెక్క ఏ స్కోరుకార్డులోనూ దొరకదు.

ఆగస్టులో కుమార్ రాకర్‌ని కూడా ఆ కమ్మీ దగ్గర నుంచే చూశాను. నిజం చెప్పాలంటే పేరు విని వెళ్లాను. ఆయన అమ్మగారి తల్లిదండ్రులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లు, నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2019లో కాలేజీలో ఒకే మ్యాచ్‌లో 19 మందిని స్ట్రైకౌట్ చేసి (కొట్టలేకపోయిన, లేదా జోన్‌లో వదిలేసిన బంతి స్ట్రైక్, మూడు పడితే అవుట్), ఒక్క హిట్ (కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా ముగించాడు. 2021లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్‌లో) న్యూయార్క్ మెట్స్ జట్టు ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది. 2023 మేలో మోచేతి లిగమెంటుకి టామీ జాన్ అనే ఆపరేషన్. అంత జరిగాక తిరిగొచ్చిన మనిషి చెయ్యి ఎలా కదులుతోందో దగ్గర నుంచి చూడాలనిపించింది. ఆయన స్లైడర్ (వంగుతూ వచ్చే బంతి) నడుము ఎత్తులో బయలుదేరి చివరి నిమిషంలో నేలకి దిగుతుంటే మనవడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ ఏడాది చిన్న లీగుల్లో 36 ఇన్నింగ్స్ పైచిలుకులో 55 స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు బంతులు జోన్ బయట వేసి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చెయ్యడం) ఐదంటే ఐదు. సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ రాత్రి టీవీ ముందు మా ఇంట్లో పండగే.

అందరి దారీ ఇంత తిన్నగా ఉండదు. జాక్ లైటర్ అనే పిచర్‌ని రేంజర్స్ 2021లో రెండో ఎంపికగా తీసుకుని, మరుసటి ఏడాది నేరుగా ఫ్రిస్కోలోనే దింపారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 5.54 పరుగులు ఇచ్చాడు. 2023లో కొన్నాళ్లు మ్యాచ్‌లు ఆపించి డెవలప్‌మెంట్ లిస్టులో పెట్టి, బంతి విసిరే తీరుని సరిచేశారు. ఆ పద్ధతి నాకు చాలా గొప్పగా అనిపించింది. మా స్కూల్లో లాంగ్‌జంప్ పిల్లవాడి రనప్ మారిస్తే మొదటి నెల దూరం తగ్గేది. తండ్రి వచ్చి 'మాస్టారూ, మావాడు వెనకబడ్డాడు' అనేవాడు. పాత అలవాటు పోయి కొత్తది ఇంకా కుదరని ఆ నెలలో టేపు పెట్టి కొలిస్తే పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. లైటర్ 2025లో రేంజర్స్ ప్రధాన పిచర్లలో ఒకడయ్యాడు.

ఇక్కడ నేను సీజనంతా వెంటపడి చూసిన బ్యాటర్ ఒకడున్నాడు. ఎడమచేతి వాటం, ఇరవై రెండేళ్లు ఉంటాయి, పేరు వద్దులెండి. ఏప్రిల్లో రెండు స్ట్రైకులు పడ్డాయంటే చాలు, నేలకి దిగే స్లైడర్‌కి బ్యాట్ విసిరేవాడు. ముందు కాలు తొందరగా పడిపోయి, నడుము తెరుచుకుపోయేది. మేలో అతని సగటు ఒక్కసారిగా పెరిగింది. నేను డబ్బు కట్టి చూసే ఒక ర్యాంకుల సర్వీసు వెంటనే అతన్ని పైకి ఎక్కించింది. అయితే ఆ వారం జట్టు ఆడింది అమరిల్లోలో. ఆ ఊరు దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉంటుంది, గాలి పల్చన, కొట్టిన బంతి తేలిపోతుంది. ఫ్రిస్కో తిరిగొచ్చాక చూస్తే అదే కాలు, అదే తొందర. జులైలో సగటు పడిపోయింది, ర్యాంకూ దిగిపోయింది. నాకు మాత్రం జులైలోనే ఆశ పుట్టింది. కాలు ఆగింది. అవుటవుతున్నాడు, కానీ ఆరేడు బంతులు ఆడించి అవుటవుతున్నాడు. ఆగస్టు రెండో వారం నుంచి వాక్‌లు మొదలయ్యాయి.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. సీజన్ ఏప్రిల్ మొదట్నించి సెప్టెంబరు మధ్యదాకా, మొత్తం 138 మ్యాచ్‌లు, సగం ఫ్రిస్కోలోనే. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ల ఆర్నెల్లకి సరిగ్గా సరిపోతుంది. సోమవారం సెలవు. ఒకే ప్రత్యర్థితో మంగళవారం నుంచి ఆదివారం దాకా వరసగా ఆరు మ్యాచ్‌లు. వీలైతే మంగళవారం ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లండి. మంగళవారం తనని బోల్తా కొట్టించిన బంతికి ఆదివారం బ్యాటర్ ఏం చేస్తాడో చూడొచ్చు. జులై, ఆగస్టుల్లో సాయంత్రం ఏడింటికి కూడా మన రెంటచింతల ఎండే, టోపీ, మంచినీళ్లు మర్చిపోవద్దు. కుడివైపు గోడ వెనక పిల్లలు ట్యూబుల్లో తేలే నీళ్ల కాలువ ఉంది, మనవరాలికి అదే బేస్‌బాల్.

ఒకటి గుర్తుంచుకోండి, బాగా ఆడేవాడు ఎక్కువ రోజులు ఇక్కడ ఉండడు. ఎవాన్ కార్టర్ 2023లో సీజన్‌లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. ట్రిపుల్ ఏలో ఎనిమిది మ్యాచ్‌లు, ఆ వెంటనే సెప్టెంబరులో పెద్ద జట్టు, నవంబరు 1 నాటికి ప్రపంచ సిరీస్ (పెద్ద లీగు ఫైనల్) గెలిచిన జట్టులో ఉన్నాడు. నచ్చినవాణ్ణి వచ్చే వారం చూద్దాంలే అని వాయిదా వెయ్యకండి.

నేను చూసిన ఎడమచేతి కుర్రాడు ఈ ఏడాది ట్రిపుల్ ఏకి, రౌండ్ రాక్ జట్టుకి వెళ్లాడు. తెనాలిలో తెల్లవారుజామున ఐదున్నరకి లేచి ఫోన్లో స్కోరు చూస్తున్నాను. ట్రిపుల్ ఏలో స్టాట్‌కాస్ట్ (బంతి కదలికని కొలిచే యంత్రాల) లెక్కలు అందరికీ ఇస్తారు, బ్యాట్‌కి తగిలిన బంతి ఎంత వేగంతో వెళ్లిందో కూడా కనిపిస్తుంది. డబుల్ ఏలో మనకి అది దొరకదు. కాలు ఆగుతోందో లేదో మాత్రం ఫోన్లో తెలియడం లేదు. మనవణ్ణి అడిగాను, ఈ నెలాఖరుకి రౌండ్ రాక్ వెళ్లి చూసి చెప్తానన్నాడు.