ఓరుగల్లు కోటలో గైడుకు ఇచ్చిన 800 రూపాయలు

ముప్పై ఒక్క ఏళ్లు కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో బ్లాకులకు మార్కింగు చేశాను. కొనేవాడు వచ్చేలోపు బ్లాకు చుట్టూ తిరిగి, ఎక్కడ పగులుందో, ఎక్కడ మచ్చ పడిందో చూసి రంగుతో గీత గీసే పని అది. రాయిలో తప్పు వెతికి తిన్న తిండి. కాబట్టి ఈ సమీక్షలో గైడు మీద నాలుగు మాటలు కటువుగా పడితే, అది కొంత ఆయన దురదృష్టం, కొంత నా అలవాటు.

ఆగస్టు మొదటి ఆదివారం మా చెల్లెలి కూతురిని వెంటబెట్టుకుని వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్ల. బడిలో కాకతీయుల మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కి, హుజూరాబాద్ మీదుగా హనుమకొండలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో ఖిలా వరంగల్ చేరేసరికి తొమ్మిది దాటింది. గైడు నంబరు తెలిసినవాళ్లు ఇచ్చారు. ముప్పై ఏళ్లు నిండని కుర్రవాడు, కోట లోపలి ఊళ్లోనే పుట్టి పెరిగాడు. రెండున్నర గంటల నడకకు 800 అన్నాడు. బేరం ఆడలేదు.

మొదటి మార్కు ఇక్కడే వేస్తాను. మమ్మల్ని నేరుగా తోరణాల దగ్గరికి తీసుకుపోలేదు. చాలామంది అక్కడికే పోయి, తోరణం కింద నిలబడి ఫొటో దిగి, కోట చూశామనుకుని వెళ్లిపోతారు. ఇతడు ఆటోను మట్టికోట దగ్గరే ఆపించాడు. "ఇక్కడినుంచి నడిస్తేనే కోట ఎంతదో కాళ్లకు తెలుస్తుంది సార్" అన్నాడు. మట్టిగట్టు దాటి అర కిలోమీటరు పైనే పోతే గాని కందకమూ రాతికోటా రావు. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన రాతిగోడ, 45 బురుజులు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడి గురించి ఢిల్లీవాళ్లు రాసుకున్న రాతల్లోనే ఈ మట్టిగోడ గట్టితనాన్ని మెచ్చుకున్నారని చెప్పాడు. శత్రువు మెప్పు కన్నా మంచి సర్టిఫికెట్ ఏముంటుంది.

రాతికోట ద్వారం మనిషిని సూటిగా లోపలికి పోనివ్వదు, మలుపు తిప్పి పంపుతుంది. ఏనుగు పరుగందుకుని తలుపును గుద్దకుండా ఆ ఏర్పాటు. అదే మలుపులో మేమున్న పది నిమిషాల్లో రెండు ఆటోలు, ఒక పాల బండి ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. కాకతీయులు కట్టిన అడ్డు ఇంకా పనిచేస్తోంది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు వృథా. కోహినూర్ కథ ఎత్తుకున్నాడు. ఎక్కడ దొరికింది, ఎవరు పట్టుకుపోయారు, ఇప్పుడు ఎవరి కిరీటంలో ఉంది, అంతా ఒక్క ఊపిరిలో. కాకతీయుల నుంచే పోయిందనడానికి రుజువేమిటని అడిగితే, "అందరూ అంటారు సార్" అన్నాడు. అందరూ అనేదానికి నాకు గైడెందుకు? కోహినూర్ అయ్యాక సొరంగం. ఇక్కడినుంచి వేయిస్తంభాల గుడిదాకా ఉందట. నేను చూసిన ప్రతి పాత గుడికీ, ప్రతి గడీకీ ఒక సొరంగం ఉంది. ఒక్కదాంట్లోనూ నడిచి వచ్చినవాడు ఇంతవరకు నాకు ఎదురుపడలేదు.

స్వయంభూ శివాలయం శిథిలాల దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, నడుమ ఉండాల్సిన గుడి లేదు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాక కాకతీయ రాజు ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి పంపారు, దారిలో నర్మద ఒడ్డున ఆయన ప్రాణం పోయింది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది, గుడిని రాయి మీద రాయి లేకుండా పడగొట్టారు. ఇదంతా గైడు చక్కగా, కేక పెట్టకుండా చెప్పాడు. మా పిల్ల అడిగింది: "గుడిని అంతలా పడగొట్టినవాళ్లు తోరణాలను ఎందుకు వదిలేశారు?" అందంగా ఉన్నాయని వదిలేశారన్నది మామూలుగా చెప్పే జవాబు. అతడు అక్కడితో ఆగలేదు. ఆ స్థలంలోనే మసీదు కట్టబోయారనీ, దాని ఆవరణకు నాలుగు వైపులా ద్వారాల్లా ఉంటాయని తోరణాలను నిలిపి ఉంచారనీ కొందరు పరిశోధకుల మాట అన్నాడు. తోరణాల మీద దేవతల బొమ్మలు లేకపోవడం కూడా చూపించాడు. హంసలు, తామర మొగ్గలు, లతలు, అంతే. పిల్ల నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి. 800లో సగం అక్కడ తీరింది.

వెంటనే పాడుచేశాడు. "ఒక్కో తోరణం ఒకే రాయి సార్, ఏకశిల!" అన్నాడు. ఓరుగల్లుకు ఏకశిలానగరమన్న పేరు కోట లోపలి ఆ ఒంటిగుట్ట వల్ల వచ్చిందంటారు గాని, తోరణానికి ఆ మాట అంటగడితే ఎలా? స్తంభం ఎక్కడ ముగిసిందో, దాని తల మీద దిమ్మెలాంటి బోదె ఎక్కడ కూర్చుందో, పైన దూలం ఎక్కడ మొదలైందో అతుకులు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. వేలుతో చూపించాను. కాసేపు వాదించాడు. తర్వాత దగ్గరికి వెళ్లి, మెడ ఎత్తి చూసి, "ఇన్నేళ్లుగా చెబుతున్నాను సార్, ఎవరూ ఆపలేదు" అన్నాడు. ఆ మాటతో అతడు నాకు నచ్చాడు. అతుకుల్లేకపోతే గొప్ప, ఉంటే తక్కువ అనుకోవడమే పొరపాటు. సున్నం లేకుండా రాయి బరువుతోనే రాయిని నిలబెట్టి, ఏడు వందల ఏళ్లకు పైగా పడకుండా ఉంచడంలోనే పనితనం ఉంది.

ఇంతలో వాన. పావుగంట గట్టిగా కొట్టి వెలిసింది. నేలమీద వరసగా పరిచి ఉంచిన గుడి రాళ్లన్నీ కడిగినట్టు మెరిశాయి. అసలు సందర్శన నా లెక్కలో అప్పుడు మొదలైంది.

క్వారీలో మేము బ్లాకు మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, ఆరేదాకా చూస్తాం. రాయి పైభాగం ముందు ఆరుతుంది. పగుల్లోకి దిగిన నీరు ఆరదు, నల్లటి దారంలా నిలుస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఎంత చూసినా దొరకని వెంట్రుకవాసి పగులు ఆ అరగంటలో తనంతట తానే బయటపడుతుంది. ఆ రోజు వాన నా తరఫున ఆ పని చేసింది. ఒక పెద్ద దూలం రెండు ముక్కలై పడి ఉంది. విరిగిన చోటికి జానెడు దూరంలో, సరిగ్గా అడుగువైపు నుంచి పైకి, ఇంకో పగులు నల్లగా లేచింది. పిల్లను పిలిచి చూపించాను. గైడు కూడా వంగి చూశాడు.

రాయి బరువు మోస్తుంది గాని వంగదు. రెండు కాళ్ల మీద దూలం పెడితే అడుగుభాగం సాగాలి, రాయికి ఆ గుణం లేదు, అక్కడే చీలుతుంది. అందుకే రాతి కట్టడాల్లో దూలం పొట్టిగా ఉంటుంది, స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వేయిస్తంభాల గుడిలో అన్ని స్తంభాలెందుకని మా పిల్ల ఎప్పటినుంచో అడుగుతోంది. శోభ ఒక్కటే కారణం కాదని అక్కడ ఆ విరిగిన దూలం దగ్గర తెలిసింది. మా అల్లుడు పనిమీద గ్రీసుకు వెళ్లినప్పుడు ఏథెన్స్‌లో జ్యూస్ దేవుడి గుడి ఫొటోలు పంపాడు. 104 స్తంభాల్లో 15 నిలిచి ఉన్నాయి. 1852 గాలివానకు పడిన ఒకటి తరిగిన ముల్లంగి చక్రాల్లా నేలమీద వరసగా ఉంది. వాళ్లు స్తంభాన్ని దొంతరగా పేర్చారు, పాలరాయి. మనవాళ్లు గ్రానైట్‌తో తలపడ్డారు. రెండుచోట్లా దూలం బాధ మాత్రం ఒక్కటే.

ఆ దూలం యాభై టన్నులుంటుందన్నాడు గైడు. టేపు నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. రెండు ముక్కలూ కలిపి పొడవు 320 సెంటీమీటర్లు, వెడల్పు 60, మందం 50. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. పిల్ల ఫోనులో గుణించి "రెండున్నర టన్నుల పైన, అంతే మామయ్యా" అంది. గైడు ముఖం చిన్నబోయింది. అంత చిన్నబోవాల్సిన పని లేదు. క్రేను లేకుండా రెండున్నర టన్నులను ఆ ఎత్తుకు చేర్చడం ఏమంత తక్కువ?

నల్లరాతి చెక్కడాల దగ్గర ఇంకో అరగంట గడిపాం. నల్లరాయి రేణువు సన్నం, అందుకే గొలుసు పూసదాకా చెక్కినా అంచు రాలదు. గ్రానైట్‌లో ఆ పని చేయబోతే గింజ ఊడి వస్తుంది. ఏ రాయి ఎక్కడ వాడాలో తెలిసినవాళ్లు. తడిసిన నునుపు మీద వేలు పెట్టబోయి, కాపలాదారు చూపు చూసి ఆగిపోయాను.

కోటలోనే ఉన్న ఖుష్‌మహల్ అనే పాత భవనం త్వరగా ముగించాం. వాలుగోడలు, పెద్ద కమానులు, లోపల చల్లగా ఉంది, కొన్ని శిల్పాలు పెట్టారు. కాకతీయుల తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరు చెప్పాడు గైడు. నాకు అప్పటికే కాళ్లు లాగుతున్నాయి.

మొత్తం మీద మూడు గంటలు పట్టింది, ఎక్కువ సమయానికి ఎక్కువ అడగలేదు. ఐదుకు మూడున్నర ఇస్తాను. కోహినూరుకు ఒకటి, ఏకశిలకు అర కోశాను. మీరు అతడినో, అలాంటి మరొకరినో పిలిస్తే, వజ్రం కథ వద్దని ఫోనులోనే చెప్పండి, ఇరవై నిమిషాలు మిగులుతాయి. వాటిని నేలమీది రాళ్లకు ఇవ్వండి. అడుగు జారని చెప్పులు వేసుకోండి, తడి గ్రానైట్ ఎవరినీ లెక్కచేయదు. ఎండాకాలంలో పోకండి. వాన వెలిసిన అరగంటలోపు అక్కడ ఉండేట్టు చూసుకోండి, ఆరిపోయాక ఆ పగుళ్లు నాక్కూడా కనిపించవు.