పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు ఫైబర్ మీద: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒకటి బీటెల్ బటన్ ఫోను, రెండోది ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) తయారీ తిప్పే డయల్ ఫోను. రాగి తీగల కోసం పుట్టిన ఈ రెండూ నాలుగేళ్లుగా ఫైబర్ మీదే మోగుతున్నాయి. బటన్ ఫోను ఫైబర్ మోడెమ్ వెనక ఉండే ఫోన్ సాకెట్‌లోకి నేరుగా వెళ్తుంది. డయల్ ఫోను గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 అనే ఏటీఏ డబ్బా, అంటే పాత ఫోనును ఇంటర్నెట్ కాల్స్‌కు కలిపే చిన్న పెట్టె ద్వారా నడుస్తుంది. మాట రాగి లైన్లో కన్నా శుభ్రంగా వినిపిస్తుంది, వానాకాలం గరగర లేదు. అయితే కరెంటు విషయం ముందే ఆలోచించుకోనివాళ్లకు ఈ ఏర్పాటు వద్దనే చెబుతాను. ఎందుకో కింద రాశాను.

మొదట వైరింగు. గోడ మీది రోజెట్ (ఫోన్ తీగలు కలిసే చిన్న పెట్టె) మూత తీస్తే రెండు స్క్రూలకు రెండు సన్నటి రాగి తీగలు కనిపిస్తాయి, చాలా ఇళ్లలో వాటికి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. లైను కట్ చేయించుకున్నామని ఊరుకోకండి. మల్టీమీటరును డీసీలో పెట్టి ఆ రెంటి మధ్య చూడండి. 48 వోల్టుల దగ్గర చూపించిందంటే ఎక్స్ఛేంజీ కరెంటు ఇంకా వస్తోందన్నమాట. బయటి నుంచి వచ్చే జంటను అక్కడే విప్పి, కొనలు విడివిడిగా టేపు చుట్టిన తర్వాతే మోడెమ్ నుంచి వచ్చే తీగను రోజెట్‌కు కలపాలి. మోడెమ్ పోర్టు కూడా లైనుకు తన వోల్టేజీ తానే ఇస్తుంది. రెండు కరెంట్లు ఎదురెదురైతే పోర్టు కాలిపోవచ్చు, ఇంటర్నెట్ మాత్రం మామూలుగా నడుస్తుంటుంది కాబట్టి తప్పు ఫోనుదే అనుకుంటారు. ఈ పని సరిగ్గా చేస్తే ఇంట్లోని పాత వైరింగంతా పనికొస్తుంది, పడకగదిలో ఉన్న రెండో రోజెట్‌తో సహా. ఫోను తీగ చివరుండే ఆర్‌జే11 ప్లగ్గులో మధ్య రెండు తీగలే వాడుకలో ఉంటాయి.

తర్వాత గంట. ఎక్స్ఛేంజీ 75 వోల్టుల ఏసీని 25 హెర్ట్జ్ వేగంతో పంపి గంట కొట్టించేది. మోడెముల్లోని పోర్టుకు అంత సత్తువ ఉండదు. ఒక ఎలక్ట్రానిక్ ఫోనుకు ఇబ్బంది లేదు. ప్యారలల్‌గా మూడో ఫోను తగిలించేసరికి ఒకటి కిర్రుమని ఊరుకుంటుంది, ఇంకొకటి అసలు మోగదు. ఎత్తితే మాట మాత్రం వస్తుంది. లోపల నిజం గంటలున్న పాత ఫోనైతే పోర్టుకు ఒక్కటే పెట్టండి. హెచ్‌టీ801లో రింగ్ ఫ్రీక్వెన్సీ 20 ఉంటే 25 చేసి, హై రింగ్ పవర్ ఆన్ చేస్తే ఐటీఐ గంట నిండుగా మోగుతుంది. నాలుగేళ్లలో నాకు బాగా నచ్చినది ఈ గంటే. మొబైల్ ఏ గదిలో ఉందో వెతుక్కునే పెద్దవాళ్లకు వంటింట్లో ఉన్నా ఇది వినిపిస్తుంది.

తిప్పే డయల్‌కు ఇంకో సెట్టింగు కావాలి. ఒకటి తిప్పితే ఒక పల్స్, సున్నా తిప్పితే పది. చాలా మోడెములు ఈ పల్సులను గుర్తించవు: డయల్ టోన్ వస్తుంది, ఎంత తిప్పినా టోన్ ఆగదు. హెచ్‌టీ801లో పల్స్ డయలింగ్ ఆప్షన్ ఉంది కానీ, మొదట నొక్కవలసిన నక్షత్రం బటన్ తిప్పే ఫోనుకు ఉండదు. అందుకని ముందు బటన్ ఫోను తగిలించి మూడు నక్షత్రాలు, ఆపైన 02 నొక్కితే డబ్బా తన ఐపీ అడ్రసు చదివి వినిపిస్తుంది. దాన్ని బ్రౌజర్లో తెరిచి మార్పులు చేసి, ఆ తర్వాత డయల్ ఫోను పెట్టుకోవాలి. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనే చోట తిప్పే ఫోను పనికిరాదు, గ్యాస్ బుకింగ్‌కు బటన్ ఫోనే గతి. బటన్ ఫోనులోనూ అంకెలు అవతలివాళ్లకు అందకపోయినా, రెండేసి సార్లు పడినా, ఏటీఏలో డీటీఎంఎఫ్‌ను (బటన్ నొక్కితే వచ్చే టోన్లను పంపే పద్ధతి) ఆర్‌ఎఫ్‌సీ2833కి మార్చి చూడండి.

ఏటీఏ కొనేముందు ఒక మాట అడగండి: మీ కంపెనీ సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ నడిపే పద్ధతి) ఖాతా వివరాలు, అంటే సర్వర్ అడ్రసు, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తుందా లేదా. ఇవ్వకపోతే మోడెమ్ సాకెట్ తప్ప దారి లేదు. ఇస్తే కోడెక్ (మాటను డేటాగా మార్చే పద్ధతి) జీ711 ఏ-లా పెట్టుకోండి. ఒక కాల్‌కు ఒక్కో వైపు సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది, ఫైబర్‌కు అదో లెక్క కాదు.

ఏటీఏతో ఎక్కువగా కనిపించే ఇబ్బందులు మూడు. కాల్ కలిసిన అరనిమిషానికి, దాదాపు 32 సెకన్ల దగ్గర తెగిపోవడం. ఒకవైపు మాటే వినిపించడం. బయటికి కాల్స్ వెళ్తున్నా వచ్చే కాల్స్ మోగకపోవడం. మొదటి రెంటికీ చాలాసార్లు రౌటర్లో సిప్ ఏఎల్‌జీ అనే, కాల్ డేటాను మధ్యలో మార్చే సెట్టింగు కారణం, దాన్ని ఆఫ్ చేయాలి. మూడోది, రౌటర్ కొద్దిసేపటికే దారి మూసేయడం వల్ల జరుగుతుంది. ఏటీఏలో కీప్ అలైవ్ (దారి తెరిచి ఉంచేందుకు పంపే సంకేతం) 20 సెకన్లు పెడితే తగ్గుతుంది. అదే ఖాతాను మొబైల్ యాప్‌లోనూ తెరిస్తే, కొన్ని సర్వర్లు చివరగా లాగిన్ అయిన చోటికే కాల్ పంపుతాయని గుర్తుంచుకోండి.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి. పాత ఫోను మెమరీ బటన్లలో పది అంకెలే దాచి ఉంటే అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. నంబరు కొట్టాక నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉంటే లోపం కాదు, ఇంకా అంకెలు వస్తాయేమోనని డబ్బా ఎదురుచూస్తోంది. చివర హ్యాష్ నొక్కితే వెంటనే కలుస్తుంది. వచ్చే నంబరు తెర మీద కనిపించకపోతే కాలర్ ఐడీ పద్ధతిని ఎఫ్‌ఎస్‌కే నుంచి డీటీఎంఎఫ్‌కు, అదీ కాకపోతే వెనక్కి మార్చి చూడాలి.

మొబైల్‌తో కలిపే సంగతి. జియోఫైబర్‌లో జియోజాయిన్ యాప్ ద్వారా ఇంటి నంబరును మొబైల్‌లో వాడుకోవచ్చు. సిగ్నల్ అందని ఇళ్లలో నేను సూచించేది దీనికి ఎదురు దారి: మొబైల్ సెట్టింగ్స్‌లోని కాల్ ఫార్వర్డింగ్‌లో "అందుబాటులో లేనప్పుడు" అన్నచోట ఎస్‌టీడీ కోడ్‌తో ఇంటి నంబరు ఇవ్వడం. విజయవాడైతే 0866, విశాఖైతే 0891. సిమ్ వేసుకునే ల్యాండ్‌లైన్ తరహా ఫోన్లు కొనేవాళ్లు "4జీ" అన్న ముద్ర చూసి మోసపోవద్దు. కొన్నింటిలో 4జీ ఇంటర్నెట్‌కే, కాల్స్ 2జీ మీద వెళ్తాయి. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ అందులో మాట్లాడదు. వోల్టీ కాల్స్ (4జీ మీదే వెళ్లే కాల్స్) అని స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి.

ఇక కరెంటు. రాగి ఫోను ఎక్స్ఛేంజీ బ్యాటరీ మీద బతికేది, ఊరంతా చీకటైనా మోగేది. ఇప్పుడు మోడెమ్ ఆరితే ఫోనూ ఆరుతుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోండి, కానీ పెట్టె మీద 8000 ఎంఏహెచ్ అని ఉంటే అది సాధారణంగా 3.7 వోల్టుల లెక్క. అంటే 30 వాట్-అవర్లు, నష్టాలు పోను 24. మోడెమ్ 8 వాట్లు తాగితే మూడు గంటలు వస్తుంది. ఏటీఏకు 5 వోల్టులు వేరే కావాలి, యూపీఎస్‌కు ఆ పోర్టు కూడా ఉందో లేదో చూసుకోండి. ఫైబర్ నేరుగా ఇంట్లోకి రాకుండా వీధి చివరి స్విచ్ నుంచి ల్యాన్ కేబుల్ వస్తుంటే, అక్కడ బ్యాకప్ లేనప్పుడు ఇంట్లో యూపీఎస్ ఉన్నా లాభం లేదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మోడెమ్ ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద ఉందా అన్నది మెయిన్ ఆపి ఒక్కసారి పరీక్షించండి. 108, 112 కోసం ఛార్జ్ చేసిన మొబైల్ ఒకటి ఫోను పక్కనే ఉంచాలి.